ఇరవై రెండు డిగ్రీల ఇల్లు

సెప్టెంబర్ 30, సోమవారం

ఈరోజు బ్రీనా బడిలోకి వెళ్ళలేదు.

ఎప్పటిలాగే గేటు దగ్గర దించాను. బ్యాగు భుజాన వేసుకుంది, తలుపు వేసింది, చెయ్యి ఊపింది. నేను మూలమీదున్న రొట్టెల కొట్టు దగ్గర కాఫీ కోసం ఆగాను. కారు అద్దంలో చూస్తే చెల్లి గేటులోకి తిరగకుండా నదివైపు నడుచుకుంటూ పోతోంది. తొందరేమీ లేదు ఆ నడకలో. బాగా అలవాటైన దారిలా ఉంది.

పిలవలేదు. కాఫీ చల్లారిపోతుంది కదా.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "దించేశావా?" అని. దించేశానన్నాను. అది అబద్ధం కాదు.

అక్టోబర్ 1

ఈరోజూ అంతే.

అక్టోబర్ 3, గురువారం

బడి యాప్ అమ్మ పేరు మీద ఉంటుంది గానీ ఉన్నది నా ఫోన్లో. "నాకీ నొక్కుళ్ళు తెలియవురా యోష్ట్, నువ్వే చూసుకో" అని పోయిన ఏడాది నాకు అంటగట్టింది. ఈరోజు తెరిస్తే వరసగా ఎర్రచుక్కలు. గైర్హాజరు. కారణం చెప్పండి అని అడుగుతుంది. అనారోగ్యం, ఇంటి పని, ఆటల పోటీ, ఇతరం.

అనారోగ్యం నొక్కాను. చుక్కలన్నీ పచ్చబడ్డాయి.

పదహారేళ్ళ పిల్ల ఒక వారం బడి ఎగ్గొడితే కొంపలేం మునగవు. ఆ వయసులో నేనూ ఎగ్గొట్టాను.

లేదు. ఎగ్గొట్టలేదు. అంత ధైర్యం నాకెక్కడిది.

అక్టోబర్ 6, ఆదివారం

ఆదివారం భోజనం. గొడ్డుమాంసం సూపు, వేయించిన బంగాళాదుంపలు. నాన్న మళ్ళీ తన గ్లాసు కథ చెప్పాడు.

"మా పోహొర్యే కొండమీద ఇంట్లో పొద్దున్నే లేస్తే మంచం పక్కన గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి ఉండేవి. మా అమ్మ చెంచాతో పగలగొట్టి ఇచ్చేది, తాగమని."

"పోయినసారి ఫోర్కు అన్నావు నాన్నా," అంది బ్రీనా.

"చెంచాయో ఫోర్కో, నీకెందుకే! మీకా గతి పట్టలేదు, సంతోషించు."

అందరం నవ్వాం. బ్రీనా కూడా. బాగానే ఉంది పిల్ల. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నాను.

నాన్న ఇప్పుడు సగం లోయకి ఇళ్ళు వెచ్చబెట్టే హీట్ పంపులు బిగిస్తాడు, హీట్ పంపుల వింకో అంటారు అందరూ. మా ఇంటి నేల కింద అంతటా వేడినీళ్ళ గొట్టాలు. ప్రతి గదీ ఇరవై రెండు డిగ్రీలు, మెట్లూ, చెప్పులు విడిచే చోటూ కూడా. జనవరిలో చొక్కా మీద తిరుగుతాం. ఎవరొచ్చినా నాన్న మొదట నేలమీద చెయ్యి పెట్టి చూడమంటాడు.

పై అంతస్తు నాది. ల్యుబ్ల్యానాలో చదువు ఆపేసి వచ్చినప్పుడు నాన్న ఒక్కమాట అనలేదు. "విశ్రాంతి తీసుకో, నేను చూసుకుంటాను" అన్నాడు. మరుసటి ఏడాదికల్లా పైన వంటగది, స్నానాలగది తయారు. కంపెనీ కాగితాల్లో నేను అమ్మకాల సహాయకుణ్ణి. నెలనెలా జీతం పడుతుంది. పొద్దున్నే చెల్లిని త్సెల్యే పట్నంలో బడి దగ్గర దించి రావడమే నా ఉద్యోగం. బస్సులో అయితే పిల్లకి చలి.

అక్టోబర్ 17, గురువారం

అనారోగ్యం.

అక్టోబర్ 18

అనారోగ్యం.

అక్టోబర్ 20, ఆదివారం

ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. తెలుసని ఎవరితోనూ అనలేదు.

సెప్టెంబర్ మొదట్లో చరిత్ర టీచరు బ్రీనాని లేపి నిలబెట్టి ప్రశ్న అడిగింది. జవాబు తెలుసు. ముందురోజంతా మెట్లమీద కూర్చుని అదే వల్లెవేసింది, నేను విన్నాను. నోరు తెరుచుకోలేదట. క్లాసంతా చూస్తూ ఉంటే అలా నిలబడిపోయిందట. ఎప్పుడూ అయిదులు తెచ్చుకునే పిల్లకి ఒకటి పడింది. ఒకటి అంటే తప్పడమే.

ఇంట్లో ఏడ్చింది. నాన్న మర్నాడే రెండు వైన్ పెట్టెలు కార్లో వేసుకుని బడికి వెళ్ళాడు. సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది. ఇకమీదట నిన్ను ఎవరూ లేపి అడగరు. పక్కగదిలో కూర్చుని రాసిచ్చెయ్యి, చాలు. ఆ ఒకటి కూడా తీసేస్తారు."

బ్రీనా "థాంక్స్ నాన్నా" అంది. అమ్మ ఆమెకిష్టమని జున్ను చుట్టలు వండింది. వంట బాగుంది.

తర్వాతి సోమవారం నుంచేమో మరి, లోపలికి వెళ్ళడం మానేసింది. నేను చూసింది మాత్రం ఆ నెలాఖరున.

నవంబర్ 1, శుక్రవారం

పోయినవాళ్ళని తలుచుకునే పండుగ. శ్మశానానికి వెళ్ళాం, అందరూ వచ్చారు. నాన్నమ్మ సమాధి మీద ఎర్ర గాజుదీపాలు పెట్టాం. అమ్మా నాన్నా పక్క సమాధి వాళ్ళతో మాటల్లో పడ్డారు. బ్రీనా నా పక్కకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, పొద్దున్న కాఫీ ఎక్కడ తాగుతావు?"

"మూలమీద. రొట్టెల కొట్టులో."

"బాగుంటుందా?"

"పర్లేదు."

ఇంకా నిలబడే ఉంది. నేను దీపం సరిచేస్తున్నాను. కాసేపయ్యాక "ఓహో" అని అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎందుకడిగిందో తెలియదు. కాఫీ అలవాటు చేసుకుంటోందేమో.

నవంబర్ 26, మంగళవారం

వాన. బ్రీనా గొడుగు వెనకసీట్లో మర్చిపోయింది. వంతెన మీద తడుస్తూ పోతోంది. కారు ఆమె పక్కగా పోనిచ్చి గొడుగు అందిస్తే అర నిమిషం పని. అప్పుడు ఎక్కడికి వెళ్తున్నావని అడగాల్సొస్తుంది. అడిగితే చెబుతుంది. చెబితే నేనేదో చెయ్యాలి.

ఇంటికొచ్చి పడుకున్నాను.

సాయంత్రం ఆమె బూట్లు నేలమీద పెట్టింది. అమ్మ వంటగదిలోంచి వచ్చేసరికి ఆరిపోయాయి. మా ఇంట్లో ఏదైనా తొందరగా ఆరిపోతుంది.

డిసెంబర్ 9

అనారోగ్యం. అనారోగ్యం. శుక్రవారానికి ఇంటి పని అని పెట్టాను, ఒకే మాట అయితే అనుమానం వస్తుందని.

డిసెంబర్ 25, బుధవారం

నాన్న బ్రీనాకి చేతి తొడుగులు ఇచ్చాడు. లోపల బ్యాటరీ ఉంది. మీట నొక్కితే వేళ్ళు వేడెక్కుతాయి. బ్రీనా తొడుక్కుని, మీట నొక్కి, నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపలేదు. కళ్ళవెంట నీళ్ళు వచ్చేశాయి. అమ్మ, "చూశావా ఎంత సంతోషమో" అంది.

నాకిచ్చింది ఏమిటో గుర్తు రావడంలేదు. పైన ఎక్కడో ఉంది.

జనవరి 20, సోమవారం

మధ్యాహ్నం ఇంటి ఫోన్ మోగింది. అమ్మ తీసింది. క్లాస్ టీచరు.

"జబ్బా? ఎవరికి జబ్బు?" అంది అమ్మ. తర్వాత చాలాసేపు వింది. ఫోన్ పెట్టేసి మేజాబల్ల అంచు పట్టుకుంది.

"శరత్కాలం నుంచీ పిల్ల సగం రోజులు బడికి రాలేదట. ఒంట్లో ఎలా ఉంది, ఆస్పత్రిలో ఉందా అని అడుగుతోంది. నేనే సెలవు చెప్పానట. నేనేం చెప్పానురా?"

అప్పుడు నేను చెప్పి ఉండొచ్చు. "డిసెంబర్లో ఫ్లూ వచ్చింది కదమ్మా, వాళ్ళే ఏదో గందరగోళం చేసుంటారు" అన్నాను. నా గొంతు చాలా మామూలుగా ఉంది. అదే నాకు వింతగా తోచింది.

సాయంత్రం బ్రీనాని కూర్చోబెట్టారు. ఎక్కడికెళ్ళావు, ఎవరితో వెళ్ళావు, ఎవడైనా ఉన్నాడా, ఎవరైనా ఏమైనా అన్నారా. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. నావైపు ఒక్కసారి చూసింది. నా పేరు చెప్పలేదు.

"మరెందుకే?" అంది అమ్మ.

"తెలీదమ్మా. గేటు దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు అటు తిరుగుతాయి."

నాన్న లేచాడు. "సరే. ఏడవకండి. నేను చూసుకుంటాను."

జనవరి 27, సోమవారం

నాన్న చూసుకున్నాడు. తెలిసిన డాక్టరు ఒక కాగితం రాసిస్తాడు. జూన్ దాకా బడికి వెళ్ళనక్కర్లేదు. టీచర్లు ఇంటికొచ్చి చెబుతారు, పరీక్షలు కూడా ఇంట్లోనే.

"పైన యోష్ట్ పక్కగది ఖాళీగానే ఉందిగా. అక్కడ చదువుకో. ఎవరి గొడవా ఉండదు. రేపే బల్ల తెప్పిస్తా."

బ్రీనా పైకొచ్చింది గది చూసుకోవడానికి. పక్కగదిలో రెండడుగులు వేసి, కిటికీలోంచి చూసింది. బీరులో వేసే హాప్ పంట కోసేసిన తోటల్లో వట్టి స్తంభాలు, ఇనప తీగలు. తర్వాత నా వంటగదిలోకి వచ్చింది. ఓవెన్ అద్దం మీద కొన్ననాటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది.

"దీన్ని ఒక్కసారి కూడా వాడలేదా?"

"కింద అమ్మ వండుతుంది కదా."

"నువ్విక్కడికి ఎన్నాళ్ళకని వచ్చావు అన్నయ్యా?"

"ఒక సెమిస్టరుకి."

బ్రీనా ఓవెన్ ముందు వంగింది. ఆ పొర ఒక మూల గోరుతో కాస్త లేపి, మళ్ళీ జాగ్రత్తగా అంటించేసి కిందకి వెళ్ళింది.

జనవరి 28, మంగళవారం

బ్రీనా లేదు.

జనవరి 29, బుధవారం

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున్న అమ్మ లేపబోతే మంచం ఖాళీ. ఫోన్ కట్టేసి ఉంది. నాన్న వ్యాన్లన్నీ తీయించాడు, పనివాళ్ళని తలో దిక్కుకీ పంపాడు. పోలీసులకి చెప్పారు. అమ్మ, "నువ్వు రోజూ దించేవాడివి కదా, ఏదైనా తెలుసా? ఎటు వెళ్ళుంటుంది?" అంది. నది ఒడ్డున చూడండి అన్నాను. ఎందుకన్నావని ఎవరూ అడగలేదు. అందరూ నదికి పరిగెత్తారు. అమ్మ చెప్పుల్లేకుండా కార్లో కూర్చుంది.

నేను ఇంట్లో ఉండిపోయాను, ఎవరో ఒకరు ఉండాలని. పైన నా ఓవెన్ ముందు నిలబడ్డాను. ఏమీ అనిపించడంలేదు. అనిపించాలి కదా అనుకుంటూ నిలబడ్డాను.

పదకొండు దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్.

"అన్నయ్యా, నేనే. పిరాన్‌లో ఉన్నా, సముద్రం ఒడ్డున. ఒకావిడ ఫోన్ అడిగి తీసుకున్నా. నువ్వొక్కడివే రా. నాన్నని తీసుకురాకు."

అమ్మకి ఫోన్ చేసి బతికే ఉందని చెప్పాను, ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. తీసుకొస్తున్నానన్నాను. అమ్మ ఏదో అంటూ ఉండగానే పెట్టేశాను. అమ్మ ఫోన్ నేనెప్పుడూ అలా పెట్టలేదు.

పిరాన్‌లో బూర్యా, ఎముకలు కొరికే శీతకాలపు ఈదురుగాలి, వీస్తోంది. కారు తలుపు తీయడానికే బలం చాలలేదు. సముద్రం రేవు రాళ్ళమీదికెక్కి, ఎక్కినచోటే గడ్డకట్టింది. బ్రీనా దీపస్తంభం కింద గోడ చాటున కూర్చుని ఉంది. చేతులు ఎర్రగా ఉన్నాయి.

పక్కన కూర్చున్నాను.

"అడుగు," అంది.

"ఏంటి?"

"దూకడానికొచ్చావా అని అడగాలనుంది కదా నీకు. అడుగు మరి."

"...అందుకొచ్చావా?"

"కాదు. ఇక్కడికి బస్సెక్కకముందు, రైల్లో ఒకసారి అనిపించింది. ఇంతలో టిక్కెట్లతను వచ్చాడు. నా దగ్గర టిక్కెట్టు లేదు. రైల్లో కూడా కొనుక్కోవచ్చని నాకు తెలీదు. ఎప్పుడూ ఎక్కలేదు కదా! నేను వణికిపోతుంటే, 'పాపా, నేనేం తినెయ్యను నిన్ను, డబ్బులివ్వు చాలు' అన్నాడు. అంత సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇందాక అనుకున్నది ఎటో పోయింది."

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. గాలికి పళ్ళు జివ్వుమన్నాయి.

తర్వాత, సముద్రం వైపే చూస్తూ, మామూలుగా చెప్పింది.

"రోజూ నీ కారు కనిపించేది. కొట్టు పక్కన. వంతెన దగ్గర ఆగేదాన్ని కావాలని. ఇవాళ దిగుతాడు, ఇవాళ పిలుస్తాడు అనుకునేదాన్ని. నువ్వు కారు స్టార్ట్ చేసి వెళ్ళిపోయేవాడివి. యాప్‌లో ఎవరు నొక్కుతున్నారో కూడా తెలుసు. అమ్మకి రాదు కదా."

"నీకు ఇబ్బందవుతుందని అడగలేదు," అన్నాను.

"కాదు. నీకు బద్ధకం."

అవునన్నాను.

ఆకలేస్తోందంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కార్డు ఉంది, ఎదురుగా తినే చోటూ ఉంది. ఒక్కతే వెళ్ళి కూర్చుని అడగడం చేతకాక బయటే కూర్చుందట. లోపలికెళ్ళాం. పుల్ల క్యాబేజీ, చిక్కుడుగింజల పులుసు తెప్పించాను. వడ్డించే ముసలాయన మా చేతులు చూసి, "ఈ గాలికి కుక్కలే బయటికి రావు, మీరెవరి పిల్లలు?" అన్నాడు.

"హీట్ పంపుల వింకో పిల్లలం," అంది బ్రీనా, నోటినిండా పులుసుతో.

జనవరి 30, గురువారం

ఇంట్లో చెప్పేశాను. చూశానని, నొక్కింది నేనేనని.

అమ్మ నా మొహం చూసింది. "ఒక్కమాట అనకపోయావేరా, కన్నా" అంది. తిడితే బాగుండేది.

నాన్న లేచాడు. కింద యంత్రాల గదిలోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే చూడటానికి వెళ్ళాను. పంపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. అది చక్కగా పనిచేస్తోంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

సూపు. ఎవరూ కథలు చెప్పలేదు. పళ్ళేలు తీస్తుంటే నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ల్యుబ్ల్యానాలో మంచి ప్రైవేటు బడి ఒకటుందట. కనుక్కున్నా. అక్కడ చిన్న ఫ్లాట్ కొంటే అమ్మ వెళ్ళి తోడుంటుంది. నేను చూ—"

"వద్దు నాన్నా," అంది బ్రీనా.

"మరి ఆ డాక్టరు కాగితం..."

"నువ్వు చూసుకోకు నాన్నా," అన్నాను నేను. నా గొంతే. నాకే కొత్తగా ఉంది.

నాన్న కోపంగా తిరిగాడు. "నువ్వు మాట్లాడకు! చూస్తూ కూర్చున్నవాడివి! మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యొద్దు," అంది బ్రీనా. "అదే బడికి వెళ్తా. ఈ ఏడు తప్పితే తప్పుతా. ఆరోగ్య కేంద్రంలో నాలాంటి పిల్లలతో మాట్లాడే ఆవిడ ఉంటుందట, క్లాస్ టీచర్ చెప్పింది. నేనే ఫోన్ చేశా. మంగళవారం రమ్మంది."

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు బల్లమీద అటూ ఇటూ జరిపాడు.

"ఏం చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదే, తల్లీ," అన్నాడు.

బ్రీనా వెళ్ళి ఆయన భుజానికి తల ఆనించింది. నేను పళ్ళేలు కడిగాను. అమ్మ యంత్రంలో పెట్టెయ్యమంది గానీ చేత్తోనే కడిగాను.

ఫిబ్రవరి 17, సోమవారం

త్సెల్యేలో ఒకావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. పార్సెళ్ళు సర్దే గిడ్డంగిలో పని, మధ్యాహ్నం నుంచి. జీతం ఇవ్వొద్దని నాన్నకి చెబితే, "నీమీద కోపంతో ఆపానని అనుకుంటారురా జనం" అని బాధపడ్డాడు.

ఇక్కడ చలి. పొద్దున స్నానాలగది కిటికీ అద్దానికి లోపలివైపు నీటిబొట్లు కడతాయి. ఇదేదో నన్ను మార్చేస్తుందని అనుకున్నానేమో. మార్చలేదు. చలిగా ఉంది, అంతే. రాత్రికి చేతులు నొప్పి. నిద్ర మాత్రం పడుతోంది.

మార్చి 5, బుధవారం

బ్రీనా ఫోన్. బస్సులోనే వెళ్తోందట. నాన్న రెండు రోజులు బస్సు వెనకాలే కారు పోనిచ్చాడట. మూడో రోజు తను బస్సు దిగి వెళ్ళి కారు అద్దం కొట్టి, "నాన్నా, టిక్కెట్టు కొనుక్కుని లోపలికొచ్చి కూర్చో, వెచ్చగా ఉంటుంది" అందట. నాన్న నిజంగానే ఎక్కాడట. దారంతా బస్సు హీటరు సరిగా లేదని డ్రైవరుతో వాదించాడట.

క్లాసులో ఇంకా నోరు పెగలడంలేదు. రెండు రోజులు వెళ్తే ఒకరోజు గేటు దగ్గర ఆగిపోతోంది. ఆ సంగతీ చెప్పింది.

మార్చి 18, మంగళవారం

పొద్దున్నే ఫోన్.

"బస్సు పోయింది."

"రానా?" అన్నాను. కారు తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

"వద్దు. ఇంకోటొస్తుంది. నువ్వు రాకు. నాన్నకీ చెప్పకు. ఫోన్ పెట్టెయ్యకు, అంతే."

తాళాలు బల్లమీద పెట్టాను. వంటింట్లో ఇంటావిడ రొట్టె కోస్తోంది. నేను కిటికీ దగ్గరకెళ్ళాను. అవతల లారీలు పోతున్న చప్పుడు, బ్రీనా ఊపిరి.

ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. భయపడకు, అంతా సర్దుకుంటుంది, అలాంటివి. నోటిదాకా వచ్చాయి. మింగేసి అడిగాను.

"ఇవాళ ఏముంది బడిలో?"

"చరిత్ర. లేచి నిలబడి చెప్పాలి. పక్కగది వద్దని నేనే చెప్పా టీచర్‌కి."

"భయంగా ఉందా?"

"ఉంది. చాలా."

"ఏం ప్రశ్న రావచ్చు?"

చెప్పింది. సగం చెప్పి ఆగిపోయింది. ఎదురుచూశాను. మిగతా సగం రాలేదు. ఒక పెద్ద లారీ వెళ్ళింది.

"ఉన్నావా?"

"ఉన్నా."

ఇంటావిడ నా ముందు కాఫీ కప్పు పెట్టి, నా మొహం చూసి, మళ్ళీ రొట్టె దగ్గరికి వెళ్ళింది.

"ఉన్నావా అన్నయ్యా?"

"ఉన్నానమ్మా."

బుస్సుమని తలుపు తెరుచుకున్న చప్పుడు.

"వచ్చింది," అంది. ఫోన్ పెట్టలేదు. మెట్లెక్కడం వినిపించింది. డ్రైవరుతో "గుడ్ మార్నింగ్, త్సెల్యేకి ఒకటి" అనడం వినిపించింది. చిల్లర చప్పుడు. అప్పుడు కట్ అయింది.

కాఫీ చల్లారిపోయింది. తాగాను.

లోపలికి వెళ్ళిందో లేదో తెలియదు. వెళ్తే నోరు తెరిచిందో లేదో తెలియదు. సాయంత్రం పనిలో విరామం ఇస్తారు. ఫోన్ చేసి అడుగుతాను.